ఎక్స్ పోయిన ఫైలు

పల్లపులంక కొబ్బరి పీచు మహిళా సంఘం వారి ఎక్స్ సోమవారం నాడు పోయింది. పొద్దున పదిన్నరకు ఉన్నది, భోజనాల వేళకు లేదు.

పోయింది దారిలోనో, బస్సులోనో కాదు. జిల్లా ఆదాయ గరిష్ఠీకరణ కార్యాలయం రెండో అంతస్తులో, స్వీకరణ సెక్షన్ నుంచి పరిశీలన సెక్షన్‌కు వెళ్లేటప్పుడు పోయింది. ఆ రెండింటికీ మధ్య దూరం పదహారు అడుగులు. సంఘం దరఖాస్తు మూడు పేజీలు. రెండో పేజీ, మూడో పేజీ ఆ పదహారు అడుగులూ క్షేమంగా దాటాయి. మొదటి పేజీ దాటలేదు.

ఆ మొదటి పేజీలో విశ్వేశం మేస్టారు రాసినవి రెండే వాక్యాలు. "రోజుకు నేసే మ్యాట్ల సంఖ్య ఎక్స్ అనుకుందాం. రోజుకు పేనే తాడు చుట్టల సంఖ్య వై అనుకుందాం." కింద బోలెడు ఖాళీ వదిలారు. ఆయన ముప్ఫయ్యొక్క ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. చలరాశులు ఏమిటో ముందు విడిగా రాసుకోనిదే లెక్క మొదలెట్టకూడదని పిల్లలకు చెప్పీ చెప్పీ, తానూ వేరే పేజీలో రాశారు. వాటినీ లెక్కనూ ఒకే పేజీలో ఇరికించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

అసలు మ్యాట్లు నేసుకునే ఆడవాళ్లకు ఎక్స్‌తో పనేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. జిల్లాకు కొత్తగా వచ్చిన డైరెక్టరు గారు అయిదు రోజుల శిక్షణకు వెళ్లి, రేఖీయ ప్రణాళిక అనే గణితం నేర్చుకుని వచ్చారు. ఉన్న సరుకు, ఉన్న సమయం దాటకుండా ఏ వస్తువు ఎంత తయారుచేస్తే ఎక్కువ ఆదాయం వస్తుందో చెప్పే గణితం అది. డైరెక్టరు గారికి అది మహా నచ్చింది. వచ్చిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట జిల్లాలో ఎవరూ ఊరికే సంపాదించకూడదు, గరిష్ఠంగానే సంపాదించాలి. సగం ధరకు సర్కారు సరుకు తీసుకునే ప్రతి సంఘమూ తన ఆదాయం గరిష్ఠమేనని లెక్క వేసి చూపించాలి. చూపించేదాకా సరుకు షెడ్డులో ఉంటుంది, షెడ్డుకు తాళం ఉంటుంది, తాళానికి లక్క సీలు ఉంటుంది. ఉప్మా బండ్లవాళ్లు, ఇస్త్రీవాళ్లు, సన్నజాజుల మాలలు కట్టేవాళ్లు ఆ నెలంతా గ్రాఫు కాగితాల కోసం తిరిగారు. ఊళ్లో స్టేషనరీ కొట్టువాడొక్కడే ఏ లెక్కా వేయకుండా గరిష్ఠంగా సంపాదించాడు.

పల్లపులంక సంఘానికి కార్యదర్శి మేస్టారి భార్య సరసమ్మ గారు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం భోజనం దగ్గర ఆవిడ, "మీరు క్లాసులో చెప్పే లెక్కలాగే ఉందట. మా వాళ్లకొకటి వేసి పెట్టకూడదూ" అన్నారు. "ఆదివారం కూర్చుందాం" అన్నారు మేస్టారు. ఆ ఆదివారానికి ఆవిడ లేరు. కర్మకాండలు అయ్యాక మేస్టారు కూర్చుని లెక్క వేశారు. పది నిమిషాలు పట్టింది. రోజుకు అరవై కిలోల పీచు, నలభై గంటల మిషను. మ్యాటుకు రెండు కిలోలు, ఒక గంట. తాడు చుట్టకు ఒక కిలో, ఒక గంట. మ్యాటుకు యాభై, చుట్టకు ముప్ఫై రూపాయల మిగులు. ఇరవై మ్యాట్లు నేసి, ఇరవై చుట్టలు పేనితే ఆదాయం గరిష్ఠం.

సంఘం అధ్యక్షురాలు సూరమ్మకు ఆ మాటే చెప్పారు.

"ఆయ్, అంతేనండి మేస్టారు గారూ" అంది సూరమ్మ. "ఏటా అంతే నేస్తాం. ఇరవై దాటి మ్యాట్లు వేత్తే సాయంత్రానికి పీచు చాలదండి. తాళ్లే పేనుకుంటూ కూచుంటే డబ్బులు చాలవండి. ఇది మాకు తెలీదేటండీ!"

"తెలుసమ్మా. కానీ వాళ్లకు రాసి చూపించాలిట."

"అయితే బేగా చూపించెయ్యండి. ఆ షెడ్డు పైన రేకులు ఎక్కడికక్కడ చిల్లులండి. వానలు పడ్డాయంటే పీచు నల్లగా బూజు పట్టేత్తది. ఇరవై నాలుగు కొంపలు దాని మీదే ఉన్నాయండి."

ఇదీ సంగతి. వానలు వచ్చేలోగా షెడ్డు తాళం తీయించాలి. అంతకు మించి మేస్టారికీ సూరమ్మకూ ఎవరినీ అడగవలసింది ఏమీ లేదు.

*

పరిశీలన సెక్షన్ సూపరింటెండెంటు ధర్మలింగం గారు మర్యాదస్తులు. కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, ఆ తరువాతే చెప్పారు.

"మీ ఎక్స్ కనిపించడం లేదండి మేస్టారూ."

"ఎక్స్ అంటే మ్యాట్ల సంఖ్యండి."

"అది తమరంటున్నారు. ఫైలు అనడం లేదు."

"ఇప్పుడే ఇంకో కాగితం మీద రాసిస్తాను."

ధర్మలింగం గారు జాలిగా నవ్వారు. "తమరు రాసిచ్చేది కొత్త ఎక్స్ అవుతుంది. ఫైలులో ఉన్న అసమీకరణాలు పాత ఎక్స్‌వి. పాత ఎక్సూ కొత్త ఎక్సూ ఒకటేనని ధ్రువీకరించేదెవరు?"

"నేనేనండి. రెండూ నేను అనుకున్నవే కదా."

"అనుకున్నారు, నిజమే. కానీ టపాలో పడి ముద్ర వేయించుకున్న క్షణం నుంచి అది ప్రభుత్వ ఎక్స్. ప్రభుత్వ ఎక్స్ ఏమిటో ప్రైవేటు వ్యక్తులు అనుకోవడానికి నిబంధనలు ఒప్పవు." ఆయన ఫైలు తిప్పి చూపించారు. "ఇదిగో, తమరి వై కూడా పోయింది. అయితే వై విషయం తరువాత చూద్దాం. అకారాది క్రమంలో ఎక్స్ ముందు."

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

"పోయిందని పోలీసు వారి నుంచి పత్రం తెచ్చుకోండి. పోయిన వస్తువు పోయినట్టు రుజువైతే తప్ప, దాని స్థానంలో మరొక దాన్ని అనుకొనుటకు వీలుపడదు."

మేస్టారు లేచారు. మాటలు ఆచితూచి వాడే మనిషి కాబట్టి నమస్కారం మాత్రం పెట్టారు.

*

పోలీసు స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ ఏడుకొండలు కలం తెరిచి, "చెప్పండి మేస్టారూ, ఏం పోయింది?" అన్నాడు. అతను ఒకప్పుడు మేస్టారి శిష్యుడే. పదో తరగతిలో లెక్కల్లో ముప్ఫయ్యారు వచ్చాయి.

"ఎక్స్ పోయిందయ్యా."

"మనిషా, వస్తువా?"

"సంఖ్య."

"సంఖ్య ఎంత?"

"అది తెలియదనే కదా ఎక్స్ అన్నది."

ఏడుకొండలు కలం పక్కన పెట్టాడు. "ఎంతో తెలియనిది పోయిందని ఫిర్యాదు ఎలా రాసుకోమంటారండీ? పోనీ పోలికలు చెప్పండి. పుట్టుమచ్చల్లాంటివి."

మేస్టారు ఆలోచించారు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. "సున్నా కంటే తక్కువ ఉండదు. ముప్ఫై దాటదు. వై తోడుంటే ఇద్దరూ కలిసి నలభై దాటరు."

"హమ్మయ్య, తోడు కూడా ఉన్నారా! ముందే చెప్పాలి కదండీ." ఏడుకొండలు ఉత్సాహంగా రాసుకున్నాడు. వయసు సున్నా నుంచి ముప్ఫై లోపు. వై అనే వ్యక్తితో కలిసి తిరుగుట కలదు. చివరిసారి చూసింది స్వీకరణ సెక్షన్‌లో. "ఎవరి మీదైనా అనుమానం ఉందా అండీ?"

"లేదు."

"వై మీద కూడా లేదా?"

"వై కూడా అదే పేజీలో పోయింది నాయనా."

"ఇద్దరూ ఒకేసారా!" ఏడుకొండలు కలం ఆపి, గొంతు తగ్గించాడు. "మేస్టారూ, ఇలాంటివి మేం రోజూ చూస్తాం. నాలుగు రోజులాగండి. వాళ్లే తిరిగొచ్చి కాళ్ల మీద పడతారు."

నాలుగు రోజులు కాదు, పదకొండు రోజులు ఆగారు. ఎవరూ రాలేదు. అప్పుడు పత్రం ఇచ్చారు.

*

ఆ పత్రం చూసి ధర్మలింగం గారు ఎంతో సంతోషించారు. ఎక్స్ పోయిందని రుజువైంది కనుక ఆ స్థానం ఖాళీ అయినట్టు. ఖాళీ అయిన స్థానాన్ని ఎవరికి పడితే వారికి ఇవ్వకూడదు. రెండు దినపత్రికల్లో ప్రకటన వేయించారు. "ఫైలు సంఖ్య నాలుగు వందల పన్నెండులో ఎక్స్ స్థానము ఖాళీగా ఉన్నందున, సదరు స్థానముపై హక్కులు, అభ్యంతరములు కలవారు పదిహేను దినములలోగా తెలుపుకొనవలెను."

తెలుపుకున్నారు. కోళ్ల ఫారాలవాళ్లు ఎక్స్ తమదన్నారు, అంతకు ముందు మూడు ఫైళ్లలో ఎక్స్ కోడిగుడ్లేనని ఆధారాలు చూపించారు. అరటి రైతులు, అయితే గెలలు ఎప్పుడూ వైగానే పడి ఉండాలా అని ధర్నా చేశారు. ఒక పెద్దాయన తన తండ్రిగారి శతజయంతి సందర్భంగా ఎక్స్‌కు ఆయన పేరు పెట్టాలని వినతిపత్రం ఇచ్చాడు. పేరు ఎన్నక్షరాలున్నా పరవాలేదు, ఖర్చు తనదేనన్నాడు. మొత్తం నూట ఎనభై ఆరు దరఖాస్తులు. అందులో మ్యాట్ల తరఫున వచ్చింది ఒక్కటే. అది మేస్టారు రాసింది.

మే నెల ఎండల్లో కల్యాణ మండపంలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా, మజ్జిగ ప్యాకెట్లు, వేదిక మీద ఒక ఖాళీ కుర్చీ. ఆ కుర్చీకి "ఎక్స్" అని అట్ట కట్టారు. గుడ్లవాళ్లు, గెలలవాళ్లు తలో అరగంట మాట్లాడాక సూరమ్మ వంతు వచ్చింది. మైకు చూసి ఒక్క క్షణం బెదిరింది కానీ, తరువాత అందుకుంది.

"ఎక్స్ అంటే మ్యాట్టండి బాబూ! కాళ్లు తుడుచుకునే మ్యాట్టు. అదిగో, మీ సార్లందరూ గుమ్మంలో తుడుచుకుని వచ్చింది మేం నేసిందేనండి. ఇంకా అనుమానమైతే ఇయ్యిగో, నా చేతులు చూడండి. ఈ కాయలు కోడిగుడ్లు పెడితే వచ్చాయేటండీ?"

మండపమంతా గొల్లుమంది. వెనక వరసలో సంఘం ఆడవాళ్లు ఈలలు వేశారు. మేస్టారు చాలా రోజుల తరువాత నవ్వారు. నవ్వి, పక్క కుర్చీ వైపు తిరిగి, అది ఖాళీగా ఉండటం చూసి, మళ్లీ ముందుకు తిరిగారు.

నివేదికలో ఇలా రాశారు: "ఒక మహిళ తమ చేతులు చూపిరి. చూడడమైనది."

*

తుది నిర్ణయానికి సమీక్షా సమావేశం జరిగింది. లెక్క వేసిన మనిషి కదా అని మేస్టారిని కూడా పిలిచి, తలుపు పక్క కుర్చీ ఇచ్చారు.

ధర్మలింగం గారు చదివారు. "అన్ని వర్గాల మనోభావములను పరిగణనలోకి తీసుకొని, ఎక్స్ అనగా సమర్థ అధికారి ఎప్పటికప్పుడు ఎక్స్‌గా భావించునది అని నిర్వచించడమైనది."

చప్పట్లు కొట్టారు. డైరెక్టరు గారు తల ఊపి, మూడో పేజీ తీశారు.

"ఇదేమిటి? ఎక్స్ సున్నాకు తక్కువ కాదు అని రాశారు?"

"మైనస్ మ్యాట్లు నేయలేరు కదండి. అందుకని" అన్నారు మేస్టారు.

"అయితే సున్నా కావచ్చన్న మాట. మన పథకంలో సున్నాకు అవకాశం ఎందుకివ్వాలి? చదివేవాళ్లు ఏమనుకుంటారు? కొట్టేయండి."

కొట్టేశారు.

"తరువాత ఇది. 'పీచు అరవై కిలోలు దాటరాదు, మిషను నలభై గంటలు దాటరాదు.' దాటరాదు, దాటరాదు! ఎవరండీ వీళ్లను దాటొద్దన్నది?"

"ఎవరూ అనలేదండి. ఉన్నది అంతే."

"వీటినేమంటారు?"

"పరిమితులంటారు."

డైరెక్టరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చూశారా! ఇన్నాళ్లూ ఈ మహిళల ఆదాయం పెరగకపోవడానికి కారణం ఇక్కడ, ఈ కాగితం మీదే ఉంది. ప్రభుత్వం గరిష్ఠం అంటుంటే, మనం కింద పరిమితులు రాసుకుంటున్నాం. మహిళా సాధికారతకు పరిమితులా? తొలగించండి."

"అవి తీసేస్తే లెక్కకు జవాబుండదండి" అన్నారు మేస్టారు, కుర్చీలోంచి సగం లేచి.

"ఉండకపోవడమేమిటి? ఏదో ఒకటి వస్తుందిగా."

"ఆదాయానికి హద్దుండదు. అనంతమవుతుంది."

  డైరెక్టరు గారు మెల్లగా, ఆ మాట పలకడం అదే మొదటిసారి అయినట్టు, "అనంతం" అన్నారు. తరువాత ధర్మలింగం గారి వైపు చూశారు. "పక్క జిల్లావాళ్లది ఎంత?"

"నెలకు పన్నెండు వేలండి."

"మనది అనంతం. రాసుకోండి."

"అయ్యా, అది జవాబు కాదు" అన్నారు మేస్టారు. గొంతు పెంచడం ఆయనకు అలవాటు లేదు. "జవాబు లేదని చెప్పడానికి వాడే మాట అది."

"మేస్టారూ," అన్నారు డైరెక్టరు గారు ఆప్యాయంగా, "తమరు మరీ ప్రతికూలంగా ఆలోచిస్తున్నారు. ఇంట్లో కష్టం జరిగిందని విన్నాను. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి."

మేస్టారు కూర్చున్నారు. పరిమితులు కొట్టేసిన కాగితం చేతులు మారుతూ గది చుట్టూ తిరిగింది. ఒక్కొక్కరూ సంతకం పెట్టారు.

*

ఆ తరువాత పనులన్నీ చకచకా జరిగిపోయాయి. ఒక చేతివృత్తి సంఘం అనంత ఆదాయం సాధించిన తొలి జిల్లాగా పైనుంచి అభినందన వచ్చింది. బస్టాండు ఎదురుగా సూరమ్మ ఫ్లెక్సీ కట్టారు. కింద అనంతం గుర్తు వేయమంటే ఆర్టిస్టు ఎనిమిదిని పడుకోబెట్టి వేశాడు. చూసినవాళ్లు కళ్లజోళ్ల దుకాణం ప్రకటన అనుకున్నారు. ఇరవై నాలుగు మందికీ శాలువాలు కప్పారు. జూన్ మొదటి వారం, వేడికి శాలువాలు భుజాల మీద నిలవలేదు.

సన్మానం నుంచి ఇంటికొచ్చిన నాలుగో రోజున సూరమ్మ పరుగున మేస్టారి ఇంటికి వచ్చింది. చేతిలో కొన్ని కాగితాలు.

"అనంతం అంటే ఎంతండీ మేస్టారు గారూ?"

"అంతు లేనంత."

"మరి మా ఇంట్లో బియ్యం డబ్బాకు అంతు కనబడతందే!" కాగితాలు చాప మీద పరిచింది. "ఆదాయం ఎక్కువైపోయిందని బియ్యం కార్డు తీసేశారండి. మా అత్తకు పింఛను ఆపేశారు. మా చిన్నదాని ఫీజు మీరే కట్టుకోండన్నారు. కోటీశ్వరులకు కూడా ఇంతలా తియ్యరేమో!"

"షెడ్డు?"

"పొద్దున్నే పోయి అడిగానండి. ఆ ధర్మలింగం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారండీ నన్ను చూసి! 'అమ్మా, సగం ధర పీచు పేదవాళ్లకు. తమరి ఆదాయం అనంతం. తమరికి ఇస్తే ఆడిట్‌వాళ్లు ఊరుకోరు' అన్నారు. మంచినీళ్లు కూడా ఇప్పించారు. తాళం మాత్రం తియ్యలేదు."

"మనం ఇంత సంపాదించడం లేదని రాసిస్తే?"

"అదీ అడిగానండి. దానికో ఫారం ఉందంట. ఆదాయాన్ని అనంతం నుంచి కిందికి దింపే ఫారం. ఇదిగో." మడత విప్పింది. "ఇందులో మాకు నిజంగా వచ్చేది ఎంతో రాయాలంట. కాకపోతే అంకెలు వెయ్యకూడదంట, ముందు ఎక్స్ అని రాసి, ఎక్స్ అంటే ఏటో చెప్పాలంట."

మేస్టారు ఫారం చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. సూరమ్మ ఆయన మొహం చూసి, ఉన్నట్టుండి ఫక్కున నవ్వేసింది. ఆయనా ఆపుకోలేకపోయారు. ఇద్దరూ కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు.

"అమ్మగారుంటే ఈ ఫారం తీసుకెళ్లి ఆళ్ల బల్ల మీదే చింపేసుందురండి" అంది సూరమ్మ.

"చింపేది కాదు" అన్నారు మేస్టారు. "నాలుగు నకళ్లు తీయించి, ఒక్కొక్కటీ విడివిడిగా చింపేది."

బయట గాలి తిరిగింది. కొబ్బరి మట్టలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. సూరమ్మ గుమ్మంలోకి వెళ్లి ఆకాశం చూసింది.

"నేను పోతానండి. ఆడాళ్లందరం కలిసి షెడ్డు మీద పట్టాలైనా కప్పుదాం. తలుపు తియ్యకూడదన్నారు గాని, పైన కప్పకూడదని చెప్పలేదు కదండీ!"

"ఆగు, నేనూ వస్తాను" అన్నారు మేస్టారు. చెప్పులు వేసుకుని, నిచ్చెన భుజాన పెట్టుకున్నారు.

వెళ్లేసరికి పదిహేను మంది దాకా రేకుల మీద ఉన్నారు. ఒకరు పాత పరదాలు, ఒకరు ఎరువు సంచులు, ఒకరు సన్మానం ఫ్లెక్సీ తెచ్చారు. ఫ్లెక్సీ అన్నింటికన్నా పెద్దది, నడి కప్పుకు సరిగ్గా సరిపోయింది. సూరమ్మ బొమ్మ ఆకాశం వైపు నవ్వుతూ ఉండగా తొలి చినుకులు పడ్డాయి. పైనున్న ఆడవాళ్లు కేకలు వేస్తూ, జారుతూ, ఒకరినొకరు పట్టుకుంటూ అంచులకు రాళ్లు పెట్టారు. మేస్టారు కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నారు.

మూడు వైపులా కప్పారు. ఉత్తరం వైపు కప్పడానికి ఏమీ మిగల్లేదు. పీచు లోపల ఉంది. తాళం తీయలేదు.